శిఖరం ఎత్తు కాదు, ఆ ట్రెక్‌లో గడ్డు రోజు చూడాలి

బెంగళూరులో హిమాలయాల మాట ఎక్కువగా ఆఫీసు వాట్సాప్ గ్రూపులోనే మొదలవుతుంది. ఎవరో మంచులో దిగిన ఫొటో పెడతారు, ఇంకెవరో తేదీలు అడుగుతారు, సాయంత్రానికి పదిమంది చెయ్యెత్తుతారు. ఈసారి నా ముందుకొచ్చిన పేర్లు మూడు: ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ, హిమాచల్‌లో హంప్తా పాస్, కశ్మీర్ గ్రేట్ లేక్స్. వెబ్‌సైట్లలో మూడింటికీ దాదాపు ఒకటే ముద్ర. "ఈజీ టు మోడరేట్" అనో, "మోడరేట్" అనో ఉంటుంది. ఆ ముద్ర వేయడానికి మన దేశంలో అందరూ పాటించే కొలతంటూ ఏమీ లేదు. ఎవరి సరుకు మీద వాళ్లు అంటించుకున్న చీటీ అది. అందుకని డబ్బు కట్టేముందు ఒక కాగితం తీసుకుని, మూడు ట్రెక్కులకూ ఐదు గడులు గీశాను.

అన్నిటికంటే పెద్ద రోజు ఎన్ని గంటలు? ఆ రోజు ఎన్ని మీటర్లు ఎక్కాలి, ఎన్ని దిగాలి? ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకోవాలి? కాలి కింద ఏముంటుంది, మట్టా, మంచా, రాళ్లా, నీళ్లా? వద్దనుకుంటే ఎక్కణ్ణుంచి, ఎంతసేపట్లో వెనక్కి రావచ్చు? శిఖరం ఎత్తుకు గడి పెట్టలేదు. దానివల్ల నిర్ణయం మారదు, ఫొటో కింద రాసుకోవడానికి తప్ప. "నాలుగు రోజులు, రోజుకు ఐదారు కిలోమీటర్లు" అనే సగటుకూ చోటివ్వలేదు. సగటు లోతు మోకాలివరకేనని విని ఏట్లో దిగితే ఏమవుతుందో మనకు తెలుసు. ట్రెక్‌లో మనిషి కూలబడేది సగటు రోజున కాదు, గడ్డు రోజున.

తెలుగువాళ్లకు ముందే ఒక కొలకర్ర ఉంది. తిరుమల మెట్లు. అలిపిరి దారిలో 3,550, శ్రీవారి మెట్టు దారిలో 2,388. "అలిపిరి మూడు గంటల్లో ఎక్కేశాను, ఇంకేం భయం" అనే మాట ప్రతి గ్రూపులోనూ వినిపిస్తుంది. ఆ కొలత తీసిపారేయాల్సింది కాదు. ఆరు వందల మీటర్ల పైచిలుకు ఎత్తు పెద్దగా ఆగకుండా ఎక్కారంటే గుండె, ఊపిరితిత్తులు ఏపాటివో కొంత తెలిసినట్టే. కానీ అక్కడ అడుగు ఎక్కడ వేయాలో వెతుక్కోనక్కర్లేదు, మెట్టు ఉంటుంది. దారిలో నీళ్లు దొరుకుతాయి, తినడానికి దొరుకుతుంది. సామాను కింద కౌంటర్‌లో ఇచ్చేస్తాం, వీపు మీద బరువుండదు. అన్నిటికీ మించి, దర్శనం అయ్యాక మనలో చాలామంది దిగేది బస్సులో.

అసలు సంగతి ఆ బస్సులోనే ఉంది. కొండ ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది. ఆగితే తగ్గుతుంది. దిగేటప్పుడు ఆయాసం రాదు కాబట్టి బాగానే ఉన్నామనుకుంటాం. కానీ దిగే ప్రతి అడుగులోనూ తొడ ముందువైపు కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. కండరపు పోగులు సన్నగా చిట్లేది అప్పుడే. ఆ నొప్పి అక్కడికక్కడ తెలియదు, మర్నాడో ఆ మర్నాడో పట్టుకుంటుంది. ట్రెక్‌లో ఆ మర్నాడు మళ్లీ ఎక్కాల్సి ఉంటుంది. తొడలు చాలించుకుంటే బరువంతా మోకాళ్ల మీద పడుతుంది, కాలు తడబడుతుంది, చీలమండ మెలిక పడుతుంది. అందుకే నా కాగితంలో దిగే మీటర్లకు కూడా గడి ఉంది.

గంటల లెక్కకు ఒక పాత సూత్రం వాడాను. 1892లో స్కాట్లండ్‌కు చెందిన విలియం నైస్మిత్ ఇచ్చింది. మీటర్లలోకి మార్చి చెప్పుకుంటే, నడిచే ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. ఇది అలవాటున్న మనిషి, ఆగకుండా, మంచి దారిలో నడిస్తే పట్టే సమయం. మనలాంటివాళ్లం, గుంపుగా, బరువుతో, ఫొటోలకు ఆగుతూ నడిస్తే దానికి సగం కలుపుకోవాలి. దిగడానికి, ఎక్కిన సమయంలో మూడింట రెండు వంతులు పట్టుకుంటాను. ఇది నా అలవాటు లెక్కే గాని శాస్త్రం కాదు.

కర్ణాటక పశ్చిమ కనుమల్లోని కుమార పర్వతంతో చేసి చూడండి. కుక్కె సుబ్రహ్మణ్యం వైపు నుంచి 1,712 మీటర్ల శిఖరానికి ఒకవైపు సుమారు 12 కిలోమీటర్లు, ఎక్కుడు 1,500 మీటర్లు దాటుతుంది. దూరానికి రెండున్నర గంటలు, ఎత్తుకు రెండున్నర, మొత్తం ఐదు. సగం కలిపితే ఏడున్నర. దిగడానికి ఐదు. అంటే ఒకే రోజులో పన్నెండున్నర గంటలు, భోజనం కాకుండా. డిసెంబరులో పగటి వెలుగు ఉండేదే పదకొండు గంటల పైచిలుకు. దారి మధ్యలో భట్టర మనె అనే ఇంటి దగ్గర ఆగి తిని, పడుకుని, తెల్లారి పైకి వెళ్లే అలవాటు ఎందుకొచ్చిందో ఈ లెక్కే చెబుతుంది. "వీకెండ్ ట్రెక్" అనే మాట వెనక ఇది దాక్కుని ఉంటుంది.

ఇక మనల్ని మనం కొలుచుకోవడం. ఈ పనికి బెంగళూరు మంచి ఊరు. ఊరి చుట్టూ గంటన్నర, రెండు గంటల ప్రయాణంలో ఉన్న గుట్టలన్నీ ఒకేలా కనిపిస్తాయి గాని ఒక్కోటి ఒక్కో సంగతి పరీక్షిస్తుంది. నంది కొండకు కారు దారి కాకుండా సుల్తాన్‌పేట వైపు నుంచి పాత మెట్ల దారి ఉంది. ఊపిరి ఎంత నిలకడగా ఉందో చూసుకోవడానికి అది చాలు. పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడుతూ ఎక్కగలిగితే ఆ వేగం మీది. రెండేసి మాటలకు ఆయాసం వస్తే అది మీ వేగం కాదు. (మన పెన్నా, పాపాఘ్ని పుట్టేది ఈ నంది కొండల ప్రాంతంలోనే. రాయలసీమవాళ్లకు ఆ మెట్ల మీద కాస్త చనువు ఎక్కువే ఉండాలి.)

స్కందగిరి చీకట్లో నడకకు పనికొస్తుంది. సూర్యోదయానికి పైకి చేరాలని తెల్లవారుజామునే బయల్దేరతారు, ముందే ఆన్‌లైన్ టికెట్ తీసుకోవాలి. హెడ్‌లాంప్ వెలుగులో అడుగు వేయడం వేరే విద్య. ఆ వెలుగులో రాయి ఎత్తు తెలియదు, నీడే కనిపిస్తుంది. హిమాలయాల్లో శిఖరం రోజున చాలా ట్రెక్కులు రాత్రి రెండు, మూడు గంటలకే మొదలవుతాయి కాబట్టి ఇది ఇక్కడే అలవాటవ్వాలి. చేతిలో ఫోన్ టార్చి పట్టుకుని ఎక్కితే ఆ పరీక్ష రాసినట్టు కాదు. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

శివగంగలో పై భాగం నిటారుగా ఉంటుంది, రాతిలో తొలిచిన మెట్లు, పట్టుకోవడానికి కమ్మీలు. కిందికి చూస్తే కాళ్లు వణికే స్వభావం ఉందో లేదో తేలేది అక్కడ. కోతులు చేతిలో కవరు కనిపిస్తే లాక్కుంటాయి, తిండి బ్యాగులో పెట్టుకోండి. ఆ వణుకు ఉన్నవాళ్లు సన్నటి గట్టు మీద నడిచే ట్రెక్కులు తీసుకోకూడదు. అది వ్యాయామంతో పోయేది కాదు. కొంచెం కొంచెంగా అలవాటు చేసుకుంటే తగ్గుతుంది, అంతే.

వీటిలో నేను ఎక్కువ మార్కులు వేసేది సావనదుర్గకు. 1,226 మీటర్ల ఎత్తున్న ఏకశిల. దారంటూ లేదు, వాలుగా ఉన్న నున్నటి బండ మీద బాణం గుర్తులు చూసుకుంటూ పోవాలి. మడమ ఎత్తి మునివేళ్ల మీద ఎక్కితే పది నిమిషాల్లో పిక్కలు పట్టేస్తాయి. అడుగు మొత్తం బండకు ఆనించి, కాస్త అడ్డదిడ్డంగా, పాము నడకలో ఎక్కాలి. దిగేటప్పుడు చాలామంది భయంతో వెనక్కి వాలతారు. వాలగానే బూటు అడుగున మడమ అంచు ఒక్కటే బండను పట్టుకుంటుంది, జారుతుంది. మోకాళ్లు కాస్త వంచి, ఒంటి బరువు పాదం మధ్యలో ఉంచి, చిన్న అడుగులు వేయాలి. నీడ లేదు. పదకొండు దాటితే బండ పెనంలా కాలుతుంది. ఆరింటికి మొదలుపెట్టి పదింటికి కింద ఉండాలి, మనిషికి మూడు లీటర్ల నీళ్లు. వాన పడిన రోజున, పడిన మర్నాడు కూడా, వెళ్లొద్దు. తడిసిన నాచు మీద ఏ బూటూ నిలవదు.

వారంలో ఐదు రోజులు గుట్టలకు వెళ్లలేం. వైట్‌ఫీల్డ్‌లోనో బెళ్లందూరులోనో ఉండేవాళ్లకు దొరికే కొండ అపార్ట్‌మెంటు మెట్లే. ఒక అంతస్తు సుమారు 3 మీటర్లు. పద్నాలుగు అంతస్తుల భవనం అంటే 42 మీటర్లు. పదిసార్లు ఎక్కితే 420 మీటర్లు, దాదాపు ఒక చిన్న శిఖరం రోజు. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. మెట్లెక్కి, లిఫ్టులో దిగుతారు. తిరుమల బస్సు లాంటిదే అది. దిగడం కూడా మెట్ల మీదే దిగాలి, దబదబా కాదు, ఒక్కో మెట్టుకు బరువు ఆపుకుంటూ. మొదటి వారం మూడుసార్లతో మొదలుపెట్టి, వారానికి ఒకటో రెండో పెంచుకుంటూ పోతే ఎనిమిది వారాల్లో పదికి చేరొచ్చు. వారానికి మూడు రోజులు చాలు, మధ్యలో విశ్రాంతి ఉంటేనే కండరం గట్టిపడుతుంది.

నాలుగో వారం నుంచి బ్యాగు కలపాలి. బరువుకు డంబెల్స్ కంటే నీళ్ల సీసాలు మేలు. లీటరు అంటే కిలో, తూకం అక్కర్లేదు. రెండు కిలోలతో మొదలుపెట్టి ఏడెనిమిదికి తీసుకెళ్లాలి. మోకాలు నొప్పి అనిపించిన రోజున పైన ఎవరింటి మొక్కలకైనా నీళ్లు పోసి ఖాళీగా దిగొచ్చు. సెక్యూరిటీ అన్న ఒక వారం వింతగా చూస్తాడు, ఆ తర్వాత పట్టించుకోడు.

పరుగుకు ఒక అంకె ఉంది. మన దేశంలో చాలా ట్రెక్ సంస్థలు మధ్యస్థం స్థాయి ట్రెక్కులకు 5 కిలోమీటర్లు 35 నుంచి 40 నిమిషాల్లో పూర్తిచేయమంటాయి. కష్టమైన వాటికి పది కిలోమీటర్లు 70 నిమిషాల లోపు. కబ్బన్ పార్క్‌లో చదునుగా తీసిన ఆ అంకె గుండె గురించి నిజమే చెబుతుంది, కాళ్ల గురించి సగమే చెబుతుంది. 5 కిలోమీటర్లు అరగంటలో పరిగెత్తేవాళ్లు సావనదుర్గ దిగుతూ కుంటడం, పరుగు రానివాళ్లు వ్యవసాయం చేసిన కాళ్లతో తేలిగ్గా దిగిపోవడం అరుదేం కాదు. రెండు అంకెలూ కావాలి.

అన్నిటికంటే నిజం చెప్పే పరీక్ష మాత్రం వరుసగా రెండు రోజులు. శనివారం ఒక గుట్ట, ఆదివారం ఇంకోటి, రెండుసార్లూ పూర్తి బరువుతో. శనివారం మకాళిదుర్గ, ఆదివారం సావనదుర్గ పెట్టుకోవచ్చు. ఫలితం సోమవారం ఉదయం మెట్రో స్టేషన్ మెట్లు దిగేటప్పుడు వస్తుంది. కమ్మీ పట్టుకోకుండా దిగగలిగితే నాలుగు రోజుల ట్రెక్‌కు కాళ్లు సిద్ధం. పక్కకు తిరిగి ఒక్కో మెట్టూ దిగాల్సి వస్తే ఇంకా నాలుగు వారాలు కావాలి, లేదా ఇంకో ట్రెక్ చూసుకోవాలి.

పశ్చిమ కనుమలు ఈ గుట్టలకు పై తరగతి. కుద్రేముఖ్ 1,894 మీటర్లు, ముళ్లోడి నుంచి రానూపోనూ ఇరవై కిలోమీటర్ల అటూఇటూ. దూరం ఎక్కువే అయినా వాలు కుమార పర్వతమంత నిటారు కాదు, ఒక్క రోజులో అయిపోతుంది. మొదటి పెద్ద రోజుకు ఇది సరైనది. కుమార పర్వతం ఆఖరి పరీక్ష. రెండింటికీ అటవీ శాఖ అనుమతి ఉండాలి, రోజుకు ఇంతమందికే అని హద్దు ఉంది. 2024 జనవరిలో గణతంత్ర దినం సెలవులకు కుమార పర్వతం మీద తిరునాళ్లలా జనం పోగయ్యాక, ఆన్‌లైన్ బుకింగ్ ఏర్పాటయ్యేదాకా ట్రెక్కింగే ఆపేశారు. టికెట్ తీసేటప్పుడే రాత్రి బసకు అనుమతి ఉందో లేదో చూసుకోవాలి. పై లెక్క ప్రకారం అది లేకపోతే చాలామందికి కుమార పర్వతం ఒక్క రోజులో సాగే పని కాదు. ఎండాకాలంలో కార్చిచ్చు భయంతో దారులు మూస్తారు. వానల్లో జలగలుంటాయి. జలగను గుంజి లాగకూడదు. కరిచిన చోట గోరుతో పక్కకు నెడితే ఊడిపోతుంది. ప్రాణానికి ముప్పు లేదు గాని రక్తం చాలాసేపు కారుతుంది, భయపడొద్దు.

ఇంతవరకూ చెప్పినవన్నీ ఇక్కడ కొలుచుకోగలిగినవి. కొలుచుకోలేనిది ఒకటుంది, ఎత్తు. బెంగళూరు 900 మీటర్ల పైన ఉంది కదా, మనకు అలవాటే అనే మాట తరచూ వినిపిస్తుంది. అది పనిచేయదు. ఎత్తు జబ్బు సాధారణంగా 2,500 మీటర్ల పైన మొదలవుతుంది. దక్షిణాదిలో అంతకు మించిన శిఖరాలు నీలగిరుల్లోనూ కేరళలోనూ ఉన్నాయి గాని, ఆ ఎత్తులో రాత్రులు గడిపే ట్రెక్కులు లేవు. 3,800 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే సుమారు 63 శాతం. ఒక్కో గుక్కలో దొరికే ఆక్సిజన్ కూడా అంతే. ఎవరికి పడుతుంది, ఎవరికి పడదు అనేది కండబలం బట్టి ఉండదు. మారథాన్ పరిగెత్తేవాళ్లకూ వస్తుంది. వాళ్లకు ఇంకో ప్రమాదం కూడా, వేగంగా ఎక్కేస్తారు.

దీన్ని ఆపేది పడుకునే ఎత్తుల గడి. వైద్యులు చెప్పే నియమం: 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రికీ తర్వాతి రాత్రికీ మధ్య 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఆగాలి. పగలు ఎంత పైకి వెళ్లొచ్చినా రాత్రి కిందే పడుకోవాలి. కేదార్‌కంఠకు ఈ లెక్క వేశాను. నడక మొదలయ్యే ఊరు సాంక్రి 1,920 మీటర్లు, మొదటి క్యాంపు జుడా కా తాలాబ్ 2,770, బేస్ క్యాంపు సుమారు 3,430, శిఖరం 3,810, అదే రోజు కిందికి. బేస్ క్యాంపు రాత్రి 660 మీటర్లు పెరుగుతోంది, నియమం కంటే ఎక్కువ. అయితే ఆ ఎత్తులో ఉండేది ఒక్క రాత్రే, మర్నాటి మధ్యాహ్నానికి కిందికి వచ్చేస్తాం, తలనొప్పి పట్టినా రెండు మూడు గంటల్లో దిగే దారి ఉంది. ఒప్పుకోదగ్గ లెక్కే.

హంప్తాలో గొడవ మొదటి రాత్రే. మనాలి 2,050 మీటర్లు, మొదటి క్యాంపు చికా 3,100 దగ్గర. ఒక్క రోజులో వెయ్యి మీటర్ల గెంతు. ఢిల్లీ నుంచి రాత్రి బస్సులో నిద్రలేకుండా దిగి, అదే రోజు ట్రెక్ మొదలుపెట్టేవాళ్లు తలనొప్పితో, వాంతులతో పడుకునేది ఇందుకే. మనాలిలో ఒకటి రెండు రాత్రులు ముందే గడిపితే చాలావరకు తప్పుతుంది. ఆ తర్వాత గడ్డు రోజు: బాలూ కా ఘేరా క్యాంపు నుంచి 4,270 మీటర్ల పాస్ (కనుమ) ఎక్కి, అవతల నిటారుగా షియా గోరు క్యాంపుకు దిగడం. దూరం ఏడెనిమిది కిలోమీటర్లు, ఎక్కుడు 650 మీటర్లు. నైస్మిత్ లెక్కకు సగం కలిపినా నాలుగు గంటలే వస్తుంది. నిజానికి ఎనిమిది నుంచి పది పడుతుంది. మిగతా గంటలన్నీ పలచటి గాలీ, రాళ్లూ, జూన్‌లో అయితే మంచూ తినేవి. పైగా దాటిన పాస్‌ను వెనక్కి దాటలేం, ముందుకే పోవాలి. మర్నాడు పొద్దున్నే గడ్డకట్టేంత చల్లటి ఏరు దాటాలి. దానికి వేరే చెప్పులు కావాలి, బూట్లు తడిస్తే ఆ రోజంతా పాదాలు కొయ్యబారిపోతాయి.

కశ్మీర్ గ్రేట్ లేక్స్‌లో పాసులు 4,200 మీటర్ల దగ్గరే, దారి కూడా మరీ ప్రమాదం కాదు. కానీ వారం రోజులు, 70 కిలోమీటర్లు, ఆఖరి రోజున నారానాగ్‌కు మోకాళ్లు అరిగేంత దిగుడు. నా కాగితంలో ఐదో గడి అక్కడ ఖాళీగా మిగిలింది. మధ్య రోజుల్లో ఒంట్లో బాగోకపోతే ముందుకైనా వెనక్కైనా రోడ్డు చేరడానికి రెండు రోజులు పడుతుంది. హిమాలయాలకు మొదటిసారి వెళ్లే మనిషికి అది తగదు. కొట్టేశాను.

మిగిలిన రెండిటిలో తేల్చడానికి ఒక నియమం పెట్టుకున్నాను: ఒక్క ట్రెక్‌లో కొత్త సంగతి ఒక్కటే ఉండాలి. ఎత్తు కొత్తదైతే మంచు వద్దు. మంచు కొత్తదైతే బరువు మోయడం వద్దు. డిసెంబరు ఆఖరి వారపు కేదార్‌కంఠలో కొత్తవి మూడు: ఎత్తు, మంచు, తీవ్రమైన చలి. వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీలు పడుతుందనుకుంటే సాంక్రిలో సున్నా ఉన్న వేళ శిఖరం దగ్గర మైనస్ 12, గాలి విసురు వేరే. పైగా ఆ వారంలో జనం. ఒకే సన్నటి మంచు దారిలో వందలమంది, ముందువాళ్లు ఆగితే వెనకవాళ్లు చలిలో నిలబడాలి. ఏప్రిల్‌లో అదే ట్రెక్ వేరు. పై భాగంలో సాధారణంగా మంచు ఇంకా ఉంటుంది, కింద మట్టి దారి, పగలు పొడుగు, చలి సగం. మనవాళ్లకు ఇంకో సౌకర్యం, సంక్రాంతికి ఊరెళ్లే సెలవులు మిగులుతాయి. ఎత్తుతో పాటు కాస్త మంచూ కొత్తదే కాబట్టి నా నియమం పూర్తిగా నిలవదు, అయినా దానికి దగ్గరగా వచ్చేది ఇదే. కేదార్‌కంఠే, కానీ ఏప్రిల్. హంప్తా మరుసటి ఏడాదికి.

యాభై దాటినవాళ్లకు, మోకాళ్ల మీద నమ్మకం లేనివాళ్లకు ఇవి రెండూ కాదు, ఉత్తరాఖండ్‌లోని పూల లోయ (వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్) చెబుతాను. జూన్ 1 నుంచి అక్టోబరు 31 దాకా తెరిచి ఉంటుంది. ప్రతి రాత్రీ సుమారు 3,050 మీటర్ల ఎత్తున్న ఘాంఘరియాలోనే పడక, పగలు వెళ్లి రావడమే. పూలు ఎక్కువగా ఉండేది జూలై నడుమ నుంచి ఆగస్టు నడుమ వరకు. కొండచరియలు విరిగే కాలం కూడా అదే, ప్రయాణానికి రెండు రోజులు అదనంగా పెట్టుకోవాలి. కాళ్లు మొరాయిస్తే ఘాంఘరియా దాకా గుర్రం దొరుకుతుంది, అందులో నామోషీ ఏమీ లేదు. "ఎవరెస్ట్ బేస్ క్యాంపుకే పోదాం, తాడు పట్టే పని లేదట" అనేవాళ్లు ప్రతి గ్రూపులోనూ ఒకరుంటారు. తాడు లేదు నిజమే, 5,364 మీటర్లు ఉంది. మాలావత్ పూర్ణ 13 ఏళ్ల వయసులో 2014 మే 25న ఎవరెస్ట్ శిఖరమే ఎక్కింది. అంతకుముందు భువనగిరి బండ మీద, ఆ తర్వాత డార్జిలింగ్‌లో, లదాఖ్‌లో శిక్షణ తీసుకుంది. ఆ వరసను ఎవరూ గుర్తుపెట్టుకోరు.

సంస్థను ఎంచుకునేటప్పుడు ధర తర్వాత అడగండి. ముందు పడుకునే ఎత్తులు రాత్రివారీగా అడగండి. వెంటనే చెప్పలేకపోతే ఆ సంస్థ వద్దు. ఎంతమందికి ఒక గైడు? ఆక్సిజన్ సిలిండరు ఏ క్యాంపులో ఉంటుంది, గైడు దగ్గరా, కింద ఊళ్లోనా? శిఖరం రోజున ఎన్నింటికి వెనక్కి తిప్పుతారు? ఆ సమయం లేదని, "అందర్నీ పైకి చేరుస్తాం" అని గొప్పగా చెప్పినచోట నేను ఫోన్ పెట్టేస్తాను. వైద్య పత్రంలో బీపీ, షుగరు, ఆస్తమా, వాడే మాత్రలు దాచకుండా రాయాలి. తిప్పి పంపేస్తారేమోనని దాచేవాళ్లే పైన ఇబ్బంది పడతారు. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర సాధారణంగా 125 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ఒక రోజు ముందు నుంచి. అయినా డాక్టరును అడక్కుండా వద్దు, సల్ఫా మందులు పడనివాళ్లు ముఖ్యంగా. మూత్రం ఎక్కువవుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, అవి మామూలే. ఆక్సీమీటరు అంకెను చూసి గుండెలు బాదుకోవద్దు, చల్లబడిన వేళ్ల మీద అది తప్పు చూపిస్తుంది. తలనొప్పితో పాటు వికారమో, కళ్లు తిరగడమో ఉంటే ఇంక ఎక్కకూడదు. తూలుతూ నడుస్తుంటే, కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, రాత్రయినా సరే దిగాలి.

బూట్లు ట్రెక్‌కు రెండు నెలల ముందే కొనాలి. సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, ట్రెక్‌కు వేసుకునే మందపాటి సాక్సులతోనే తొడిగి చూడండి. బొటనవేలి ముందు ఒక వేలు మందం ఖాళీ ఉండాలి, లేకపోతే దిగేటప్పుడు గోళ్లు నల్లబడి ఊడిపోతాయి. సావనదుర్గలో కనీసం రెండుసార్లు వాడాకే పైకి. మైక్రోస్పైకులు (మంచులో జారకుండా బూటుకు తొడిగే ముళ్లు), గెయిటర్లు (బూట్లోకి మంచు పోకుండా కట్టే తొడుగులు) కొనక్కర్లేదు, సాంక్రి లాంటి ఊళ్లలో అద్దెకు దొరుకుతాయి. మొదటి ట్రెక్‌లో పెద్ద బ్యాగు కంచరగాడిద మీదకు ఇచ్చేయండి. నా నియమం ప్రకారం బరువు మోయడం రెండో ట్రెక్‌కు.

ఆఖరుగా తిరుగు టికెట్. సాంక్రి నుంచి దెహ్రాదూన్ సుమారు 200 కిలోమీటర్లు, ఎనిమిది నుంచి పది గంటల ఘాట్ రోడ్డు, ఒక్క చరియ విరిగిపడితే ఇంకో నాలుగు. సాంక్రిలో బయల్దేరిన రోజు సాయంత్రమే బెంగళూరు విమానం పెట్టుకునేవాళ్లు ఉన్నారు. మర్నాటి మధ్యాహ్నానికి పెట్టుకోవాలి. లీవు అడిగేటప్పుడే ఆ రోజు కూడా కలిపి అడగాలి.